శ్రీకాకుళం నుంచి జాలీబోయ్ దీవికి: ముందు ఏ రోజో తేల్చుకోండి, తర్వాతే టికెట్లు

అండమాన్ వెళ్దామనుకునే మనవాళ్లు ముందు చౌకగా దొరికే విమానం టికెట్ వెతుకుతారు, తర్వాత హోటల్, ఆ తర్వాత సెల్యులార్ జైలు, హేవ్‌లాక్ దీవి, చివరికి ఏదో పూట ఖాళీగా మిగిలితే అందులో జాలీబోయ్ పెట్టుకుంటారు. మొదటిసారి మేమూ అలాగే వెళ్లాం. మాకు టూర్ కట్టిన ఏజెంటు దీవిని సోమవారానికి పెట్టాడు, మంగళవారం పొద్దున్నే తిరుగు విమానం. జాలీబోయ్ ఉన్న నేషనల్ పార్కుకి సోమవారం సెలవు. మా అమ్మ వేకువన లేచి పులిహోర కలిపి క్యారేజీ సర్దుకుని, బోటు ఎక్కాల్సిన వండూర్ జెట్టీ దాకా వచ్చాక ఆ మాట తెలిసింది. అక్కడే బల్ల మీద కూర్చుని పులిహోర తినేసి వెనక్కి వచ్చేశాం. రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూశాం కాబట్టి ఇది రాస్తున్నాను, మీరు మాత్రం రెండుసార్లు ఖర్చు పెట్టుకోకండి. దీవికి ఏ రోజు వెళ్తారో ముందు తేల్చుకోండి, మిగతా టూర్ అంతా దాని చుట్టూ కట్టుకోండి.

పోర్ట్‌బ్లెయిర్‌కి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో వండూర్ అనే చిన్న ఊరు ఉంది, మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కుకి వెళ్లే బోట్లు అక్కడి జెట్టీ నుంచే కదులుతాయి. 1983లో ఏర్పడిన పార్కు ఇది, విస్తీర్ణం 281 చదరపు కిలోమీటర్ల పైమాట, అందులో ఎక్కువ భాగం నీళ్లే. పదిహేను దీవులున్నా మనలాంటి వాళ్లని దిగనిచ్చేది రెండింటి మీదే, జాలీబోయ్, రెడ్ స్కిన్. ఆ రెండూ కూడా ఒకేసారి తెరిచి ఉండవు. చలికాలం, ఎండాకాలం జాలీబోయ్, వానలు మొదలయ్యాక రెడ్ స్కిన్. పొలాన్ని ఒక పంటకి బీడు వదిలి తేరుకోనిచ్చినట్టు, ఒక దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బలకి ఆరు నెలలు మనుషుల అలికిడి లేకుండా చేస్తారన్నమాట. నీళ్ల అడుగు స్పష్టంగా కనిపించాలంటే జాలీబోయే మంచిదని నా అభిప్రాయం. ఒక దీవి మూసి ఇంకోటి తెరిచే తేదీలు మాత్రం వెళ్లే ఏడాది కనుక్కోండి, పాత లెక్క పట్టుకుని బయల్దేరొద్దు.

ఇక ఏ నెల అన్నది. మన జిల్లా వాళ్లకి అక్టోబర్, నవంబర్ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. 2014లో హుద్‌హుద్ విశాఖని తాకడానికి నాలుగు రోజుల ముందే అండమాన్ దీవుల మీదుగా దాటి వచ్చింది, 2018 అక్టోబర్‌లో తిత్లీ ఉద్దానంలో కొబ్బరిచెట్లని ఎలా పడగొట్టిందో మనం కళ్లారా చూశాం. ఆ రెండు నెలలూ వదిలేయండి. డిసెంబర్ నెలాఖరున వాతావరణం బాగానే ఉన్నా జనం, రేట్లు రెండూ ఎక్కువే. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్దామంటే మే మొదటి వారంలోపే ముగించుకోండి, నైరుతి మనకి జూన్‌లో వస్తే అక్కడికి మే మూడో వారానికే చేరిపోతుంది. సంక్రాంతి ఇంట్లో చేసుకుని, కనుమ వెళ్లాక నాలుగు రోజులు ఆగి బయల్దేరడం అన్నిటికన్నా నయం. జనవరి చివర నుంచి మార్చి దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. జీడితోటలున్న ఇళ్లవాళ్లకి మార్చి తర్వాత ఎలాగూ ఊరు కదలడం కుదరదు కదా, అందుకని ఫిబ్రవరి అనుకోండి.

ఓడలో వెళ్లాలా, విమానంలోనా అని చాలామంది అడుగుతుంటారు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ సముద్రం మీద సుమారు 1200 కిలోమీటర్లు, ఓడకి రెండున్నర రోజులు పడుతుంది, ఒక్కోసారి మూడూ పట్టొచ్చు. కానీ ఓడలు తరచుగా ఉండవు, నెలకి ఒకటన్నట్టు ఉంటాయి, తేదీ కూడా దగ్గరపడ్డాకే ఖాయమవుతుంది, అదీ మారొచ్చు. పదిహేను రోజుల తీరిక ఉండి, సముద్రం మీద సూర్యోదయం చూడాలన్న కోరిక ఉన్నవాళ్లకి ఓడ చాలా బావుంటుంది. వారం సెలవు పెట్టుకున్న ఉద్యోగస్తులు మాత్రం ఓడని నమ్ముకుంటే టెన్షన్ తప్పదు. విమానమైతే విశాఖ నుంచి చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్‌లలో ఏదో ఒకచోట మారి వెళ్లే దారి దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు వాళ్లు రాత్రి రైల్లో కోల్‌కతా వెళ్లి అక్కడ విమానం ఎక్కడం కూడా ఆలోచించుకోవచ్చు. రైలుకీ విమానానికీ మధ్య సగం రోజైనా పెట్టుకోండి. ఇంకో మాట, 2024లో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అని మార్చారు, 2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. టికెట్ల మీద ఏ పేరు కనిపించినా కంగారుపడొద్దు.

రోజుల లెక్క ఇలా వేసుకోండి. దిగిన రోజు విశ్రాంతి, మర్నాడు ఊళ్లో చూడాల్సినవీ పర్మిట్ పనీ, మూడో రోజు దీవి, నాలుగో రోజు ఖాళీ. ఆ ఖాళీ రోజే అసలైనది. గాలి ఎక్కువగా ఉంటే బోట్లు ఆపేస్తారు, అప్పుడు నాలుగో రోజుకి జరుపుకోవచ్చు, మూడో రోజే పని అయిపోతే ఆ ఖాళీని ఎటైనా వాడుకోవచ్చు. మూడు, నాలుగు రోజుల్లో ఏదీ సోమవారం కాకుండా క్యాలెండర్ చూసుకుని, అప్పుడు విమానం టికెట్ తీయండి. హేవ్‌లాక్ తర్వాత వెళ్లొచ్చు. దీవిని ఎప్పుడూ ఆఖరి రోజుకి నెట్టకండి.

పర్మిట్ వేరు, బోటు టికెట్ వేరు. మొదటిది అటవీశాఖ ఇచ్చేది, రెండోది బోటు వాళ్లది, రెండూ ఉంటేనే ఎక్కనిస్తారు. పొద్దున్నే జెట్టీకి వెళ్లి తీసుకుందాంలే అనుకోకుండా ముందే చేయించుకోండి. హోటల్ వాళ్లు చేయించి పెడతామంటే మంచిదే, కానీ కాగితం చేతికొచ్చాక తేదీ, పేర్లు, దీవి పేరు మీరే చదివి చూసుకోండి. అందరి ఒరిజినల్ ఆధార్ కార్డులూ, తలా రెండు జిరాక్సులూ పెట్టుకోండి, ఫోన్లో ఫొటో ఉందిగా అని ధీమాగా ఉండొద్దు. నగదు కూడా కొంచెం ఉంచుకోండి.

భాష గురించి భయం అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు దాదాపు 13 శాతం, అందులో మన జిల్లా నుంచి వేటకీ పనులకీ వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు బోలెడు. పోర్ట్‌బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ వైపు వెళ్తే మన తీరం యాసే వినిపిస్తుంది. సోంపేట, కవిటి, మందస వైపు మీకెవరైనా చుట్టాలుంటే, వాళ్లలో ఒకరి తాలూకు వాళ్లు అక్కడ ఉండే ఉంటారు, బయల్దేరే ముందు అడిగి చూడండి. రెండోసారి మాకు మా చిన్నాన్న అలాగే అక్కరకొచ్చాడు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, "గాలి బాగా తిరిగిందమ్మా, రేపు వద్దు, ఎల్లుండి వెళ్లండి" అన్నాడు. అన్నట్టే ఆ రేపు బోట్లు కదల్లేదు.

సామాను దగ్గర ఒక్క ప్లాస్టిక్ విషయమే పట్టించుకోవాలి, కానీ దాన్ని గట్టిగా పట్టించుకోవాలి. దీవిలోకి ప్లాస్టిక్ రానివ్వరు, వండూర్‌లో సంచులు విప్పి చూస్తారు. నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, క్యారీబ్యాగులు అన్నీ అక్కడే ఆగిపోతాయి. స్టీలు సీసాలు ఇంటి నుంచే తీసుకెళ్లండి. లేకపోతే డిపాజిట్ కట్టించుకుని జెట్టీ దగ్గర సీసా ఇస్తారు, తిరిగి ఇచ్చేశాక ఆ డబ్బులు వెనక్కి ఇచ్చేస్తారు. దీవి మీద టీ కొట్టు కూడా లేదు. అందుకని మన పాత క్యారేజీయే దిక్కు. పులిహోర, చపాతీలు, జంతికలు, అరటిపళ్లు చాలు. పెరుగన్నం వద్దు, ఎండకి పులిసిపోతుంది. టవళ్లు, మార్చుకునే బట్టలు, టోపీ, వాంతి మాత్రలు గుడ్డ సంచిలో సర్దుకోండి. ఫోన్‌కి సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి బయల్దేరండి.

అక్కడ మనకన్నా ముందు తెల్లారుతుంది, చలికాలంలో సాయంత్రం ఐదు దాటితే చీకటి మొదలవుతుంది, అందుకే బోట్లు పొద్దున ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలోనే కదిలిపోతాయి. హోటల్ నుంచి ఆరున్నరకి బయల్దేరండి. మడ అడవుల మధ్య నుంచి సుమారు గంట ప్రయాణం. దీవికి జెట్టీ లేదు, పెద్ద బోటు కొంచెం దూరంలో ఆగితే అద్దపు అడుగున్న చిన్న బోటులోకి మారి ఒడ్డుకి చేరాలి. ఆ మారేటప్పుడు రెండూ ఊగుతూ ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి అదొక్కటే కష్టం. మా అమ్మని ఇద్దరు పట్టుకుని దింపారు. కూర్చున్నాక ఆవిడ అద్దం మీదకి వంగింది, ఇంక తలెత్తలేదు. అడుగున రెండు రాళ్ల మధ్య నీలంగా, వంకీలు తిరిగిన అంచుతో ఏదో విప్పారి ఉంది. మన బోటు నీడ దాని మీద పడగానే ఆ అంచు మెల్లగా లోపలికి ముడుచుకుంది. "ఒలే, అది పువ్వు కాదే, మూసుకుంటోంది చూడు" అంది అమ్మ. అది పెద్ద ఆల్చిప్ప. దాని పక్కనే చిలుక చేప ఒకటి పగడాన్ని ముక్కుతో కొరుకుతోంది. అది అలా కొరికి మింగి వదిలిన పొడి కూడా ఆ తెల్లటి ఇసుకలో కలిసి ఉంటుందని బోటబ్బాయి చెప్పాడు.

నీళ్లలోకి దిగేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పగడం మీద కాలు పెట్టకూడదు. చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ అది వేలవేల చిన్న జీవుల ఇల్లు, గుండ్రాళ్లలా పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. 2010 ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు బాగా వేడెక్కి అండమాన్ చుట్టూ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడిపోయాయి. వాటికి రంగునీ తిండినీ ఇచ్చే నాచు వేడికి వాటిని వదిలిపోతుంది, అందుకే ఆ తెలుపు. ఇప్పుడక్కడ మీరు చూసేది అలాంటి దెబ్బలు తిని మళ్లీ లేస్తున్నది. ఈత రాకపోతే లైఫ్ జాకెట్ వేసుకుని గైడ్ చెయ్యి పట్టుకునే చూడండి, చేతులు కొట్టుకుంటూ నిలబడే ప్రయత్నం చేశామంటే కింద ఏదో ఒకటి విరుగుతుంది. పాటు సమయంలో నీళ్లు తగ్గి పగడాలు పొట్టకి తగిలేంత పైకి వస్తాయి, అప్పుడు దిగకపోవడం మేలు. సన్‌స్క్రీన్ పూసుకుని దిగేకంటే పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే మీ ఒంటికీ పగడానికీ మంచిది.

పిల్లల జేబులు చూడండి, ఇది తప్పకుండా చెయ్యండి. మా అక్క కొడుకు వేలెడంత శంఖం ఒకటి ఏరి నిక్కరు జేబులో వేసుకున్నాడు. పావుగంటకి జేబు కదులుతోందని ఏడుపు. తీసి ఇసుక మీద పెడితే లోపల్నుంచి ఎర్రటి కాళ్లు బయటికి వచ్చాయి, ఆ పీతకి అదే ఇల్లు. వాడే తీసుకెళ్లి నీళ్ల అంచున వదిలాడు. ఖాళీ గవ్వైనా, చచ్చిన పగడం ముక్కైనా తేవద్దు. పగడాలకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది, ఎయిర్‌పోర్టులో సామాను తనిఖీలో దొరికితే కేసు అవుతుంది. మన టెక్కలి దగ్గర తేలినీలాపురంలో పక్షుల్ని ఆడపడుచుల్లా చూసుకుంటారు, గూళ్ల కింద ఎవరైనా గోల చేస్తే ఊరివాళ్లే ఊరుకోరు. ఈ దీవికి అలా కాపు కాసే ఊరు లేదు, అక్కడ దిగిన నలభై, యాభై మందిమే ఆ పూటకి దాని ఊరివాళ్లం. మీ పక్కవాళ్లు ఏరుతుంటే మొహమాటపడకుండా చెప్పండి.

తిరిగి వండూర్ చేరాక సీసా డిపాజిట్ అడిగి తీసుకోండి, క్యారేజీలు లెక్క చూసుకోండి. పక్కనే బీచ్ ఉంది, పెద్ద పెద్ద చెట్ల మొద్దులు పడి ఉంటాయి, ఫొటోలకి బావుంటుంది. 2004 సునామీ నాటి భూకంపానికి ఆ వైపు నేల కుంగింది. అక్కడ మాత్రం సముద్రంలో దిగకండి, ఉప్పునీటి మొసళ్లు తిరుగుతాయి, హెచ్చరిక బోర్డులు చూడండి, ఎవరో దిగారు కదా అని వాళ్ల వెనకే వెళ్లొద్దు. ఊళ్లోకి బస్సు ఉంటుంది గానీ వేళ తప్పితే చాలాసేపు నిలబడాలి, చిన్నపిల్లలుంటే పొద్దున తెచ్చిన బండినే ఆపి ఉంచుకోండి.