వజ్రాలు వెతికేటప్పుడు విసుగు రాకుండా

తొలకరి పడగానే రాయలసీమలోని తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో వజ్రాలు వెతకడానికి వచ్చేవాళ్లలో చాలామందికి గంట తిరిగేసరికే ఓపిక అయిపోతుంది. చేనంతా ఒకేసారి చూసేయాలనుకుంటే ఎవరికైనా అంతే.

10 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున ఒక ముక్క అనుకుని నాలుగు మూలలా రాళ్లు పెట్టుకోండి. పొద్దున్నే, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు, సూర్యుడికి ఎదురుగా మెల్లగా నడవండి. చూపు కాళ్ల ముందు నాలుగైదు అడుగుల దాకా చాలు. చివరికి పోయాక వెనక్కి వచ్చి పక్క వరస మళ్లీ ఎండకు ఎదురుగానే మొదలెట్టండి. ముక్క అయిపోతే కూర్చుని నీళ్లు తాగి, తర్వాతది పట్టుకోండి. ఏమీ దొరక్కపోయినా ఇంతమేర చూసేశామన్న లెక్క ఉంటుంది, చూసిన చోటే మళ్లీ తిరగరు. మెరిసిన ప్రతి రాయి దగ్గరా ఆగిపోవద్దు. సంచిలో వేసుకుని నీడలో చూసుకోండి. గాజుపెంకులూ బాగానే మెరుస్తాయి మరి.

మబ్బు పట్టినా, మిట్టమధ్యాహ్నమైనా ఇది పనిచేయదు, రాయి తళుక్కుమనదు. విత్తనం వేసిన చేలో మాత్రం అడుగు పెట్టొద్దు, మిగతా చేలల్లోకైనా రైతును అడిగే దిగండి.