థియరీ ఆఫ్ మైండ్ పరీక్షను చిత్తూరు, తిరుపతి పిల్లల మాటలోకి మార్చడం

ఎదుటివాళ్ళ మనసులో ఏముందో ఊహించగలగడాన్నే థియరీ ఆఫ్ మైండ్ అంటారు. దాన్ని ఇలా పరీక్షిస్తారు: గోపి బాలును (ఆడుకునే బంతిని) బుట్టలో పెట్టి బయటికి పోతాడు. రాము దాన్ని డబ్బాలోకి మారుస్తాడు. తిరిగొచ్చిన గోపి ముందు ఎక్కడ వెతుకుతాడు? మార్చింది గోపి చూడలేదు కాబట్టి సరైన జవాబు బుట్ట. 1985లో బారన్-కోహెన్, లెస్లీ, ఫ్రిత్ అనే పరిశోధకులు ఇలాంటి బొమ్మలాటే ఆడిస్తే, ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది తప్పు చెప్పారు. అయితే తప్పు జవాబు మన ప్రశ్న వల్ల కూడా రావచ్చు. కాబట్టి ముందు ప్రశ్నను సరిచేయాలి.

మాండరిన్‌లో "యీవెయ్" అనే క్రియలోనే "పొరపాటుగా అనుకోవడం" అనే అర్థముంది. దానితో అడిగితే చైనా పిల్లలకు సరైన జవాబులు ఎక్కువగా వచ్చాయి. మన "అనుకున్నాడు" కూడా ఇంచుమించు అంతే. "నువ్వు ఊళ్ళో లేవనుకున్నా" అంటేనే అది తప్పని తెలిసిపోతుంది. అంటే ఆ మాటే పిల్లవాడికి జవాబు అందిస్తుంది. అందుకే "అనుకోవడం" వద్దు, వెతకడం గురించే అడగండి. ఇంటి యాసలోనే అడగండి: "గోపి ఇప్పుడొచ్చి బాలు కోసం ముందు యాడ ఎతుకుతాడు?" "ఇప్పుడు", "ముందు" రెండూ ఉండాలి. "ఇప్పుడు" లేకపోతే ఎప్పుడూ వెతికే చోటు అడిగినట్టు వినిపిస్తుంది. చిత్తూరు వైపు కొన్ని ఇళ్ళలో తమిళం మాట్లాడతారు, ముందే కనుక్కోండి.

బొమ్మ మగపిల్లవాడైతే మేలు. అమ్మాయైతే "ఉంది" అన్న మాట ఆమెదో బాలుదో తేలదు. అబ్బాయైతే "ఉన్నాడు" అనగానే తెలుస్తుంది. అయినా ప్రతి ప్రశ్నలో పేరు చెప్పండి.

"బుట్టలోనా, డబ్బాలోనా?" అని అడగకండి. విన్న చివరి మాటనే తిరిగి పలికే పిల్లలు "డబ్బాలోనా" అనేస్తారు. వేలితో చూపించినా జవాబుగా తీసుకోండి. తర్వాత "బాలు ఇప్పుడు యాడుంది?", "గోపి పోకముందు యాడ పెట్టినాడు?" అని అడగండి. ఈ రెంటిలో ఏది తప్పినా ఆ విడతను లెక్కలోంచి తీసేయండి, అక్కడ తప్పింది జ్ఞాపకమో శ్రద్ధో అయ్యుండొచ్చు. రెండే చోట్లున్నప్పుడు గుడ్డిగా చెప్పినా సగం సరవుతుంది. వస్తువులూ, కుడి ఎడమలూ మారుస్తూ నాలుగు విడతలు చేయండి. నాలుగూ ఊహతో సరయ్యే అవకాశం 16లో ఒకటే.

ఇంకో పరీక్ష "ఇందులో ఏముంది?": తెలిసిన ప్యాకెట్‌లో వేరే వస్తువు పెట్టి, పైన చూసి పిల్లలు ఏమనుకుంటారో కనుక్కోవడం. దానికి లడ్డూ కవరు, హార్లిక్స్ సీసా పనికిరావు. మన ఇళ్ళలో వాటిలో కందిపప్పు నుంచి సూదీదారం దాకా ఉంటాయి కాబట్టి లోపల ఇంకేదో ఉండడం పిల్లవాడికి వింత కాదు. బిడ్డ రోజూ తినే బిస్కెట్ ప్యాకెట్‌ను అడుగున కోసి, పెన్సిళ్ళు నింపి, మడత కనబడకుండా అతికించండి. నింపాక ఊపి చూడండి. గలగల వినబడితే దూది కుక్కాలి.