కొండవీడు కోటలో ఏ గోడ ఎవరిది?

గుంటూరు నుంచి వెళ్లి కొండవీడు ఘాట్‌రోడ్డు ఎక్కినవాళ్లలో ఎక్కువమంది, పైన కనబడిందల్లా రెడ్డిరాజులదే అనుకుని దిగొస్తారు. రెడ్ల తర్వాత ఈ కోట ఒడిశా గజపతులకు, 1515లో కృష్ణదేవరాయలకు, ఆపైన గోల్కొండ కుతుబ్‌షాహీలకు చిక్కింది. అందుకని కోట మొత్తానికి ఒకే తేదీ వేయకండి. ఏ గోడకాగోడ విడిగా చూడాలి.

గోడను కింది నుంచి పైకి చూడండి. కింద సున్నం లేకుండా పేర్చిన పెద్ద రాళ్లు, సందుల్లో చిన్న రాతి పెచ్చులు; పైన సున్నంతో కట్టిన చిన్న రాళ్లో, ఇటుకో ఉంటే, రెండూ కలిసే గీత దగ్గర ఫొటో తీయండి. పక్కన 15 సెంటీమీటర్ల స్కేలు పెట్టడం మరవొద్దు. ఆ గీత చెప్పేది కిందిది ముందు, పైది తర్వాత అని మాత్రమే. సున్నం లేదు కాబట్టి రెడ్లదే అనడానికి లేదు, సున్నం లేని ఉత్త రాళ్ల గోడ ఎప్పుడైనా పేర్చొచ్చు. తుపాకీ పెట్టేందుకు వదిలిన సన్నటి కంతలుంటే ఆ భాగం మందుగుండు వాడకం వచ్చాకే కట్టింది. గోడలో గుడి స్తంభం ముక్క ఉంటే స్తంభం వయసు గోడకు అంటగట్టొద్దు. గోడ దానికన్నా తర్వాతిది, అంతే.

అసలు పని శాసనాల దగ్గర. అక్షరాలు కనబడకపోతే సుద్దముక్క రుద్దొద్దు, నూనె పూయొద్దు, రాయి పాడవుతుంది. చీకటి పడే వేళ టార్చిని పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించినట్టు పట్టుకుంటే గాట్లలో నీడ పడి అక్షరం లేస్తుంది. శాసనంలోని శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. మాఘ, ఫాల్గుణాలైతే 79. అంకెలకు బదులు మాటలుంటే కుడి నుంచి ఎడమకు చదవాలి: ‘ముని, రామ, వేద, చంద్ర’ అంటే 7, 3, 4, 1 (మునులు ఏడుగురు, రాములు ముగ్గురు, వేదాలు నాలుగు, చంద్రుడొక్కడు), శకం 1437, అంటే 1515. అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే తెలుగు సంవత్సరం పేరుతో సరిచూడండి, 1515 యువ. అంకె చెరిగి ‘యువ’ ఒక్కటే మిగిలితే 1455, 1515, 1575 మూడూ అవ్వొచ్చు. పక్కన కృష్ణరాయల పేరుంటే మధ్యదొక్కటే కుదురుతుంది, ఆయన ఏలింది 1509 నుంచి 1529 వరకే.

కొండ మీదే వెతికితే చాలదు. కొండవీటి రెడ్డిరాజు పెదకోమటి వేమారెడ్డి భార్య సూరాంబ తవ్వించిన సంతానసాగరం సంగతి చెప్పే 1409 నాటి శాసనం దొరికింది ఫిరంగిపురంలో. చుట్టుపక్కల ఊళ్ల గుళ్లు, చెరువు గట్లు కూడా చూడాలి.

ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ సేకరించిన కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్ర రాసిన కాగితాలు, ఊళ్లు, మాన్యాలు, చెరువుల వివరాలకు బంగారం. పాత రాజుల ఏళ్లకు మాత్రం వాటిని నమ్ముకోవద్దు. అవి రాసింది రెడ్ల కాలం పోయిన మూడు, నాలుగు వందల ఏళ్లకు. శాసనంతో పొసగని ఏడాదిని పెన్సిల్‌తో రాసి వదిలేయండి.