జీపు ఎడమ టైరు నట్టు ఊడట్లేదా? పైపు పక్కన పెట్టండి

పాత విల్లీస్ రకం జీపు. ఇరుసు పని కోసం టైర్లు విప్పాలి. కుడివైపు అయిదు నట్లూ కాస్త మొండికేసి వచ్చేశాయి. ఎడమవైపు ఒక్కటి కూడా కదలదు. డీజిల్ పోశారు, సుత్తెతో కొట్టారు, పానాకు మూడడుగుల పైపు తొడిగి ఇద్దరు వేలాడారు. తర్వాత నాకు ఫోను: "అన్నా, జంగు పట్టి జామైంది. గ్యాస్ పెట్టి కాల్చమంటవా?"

స్టడ్డు, అంటే నట్టు ఎక్కే బోల్టు, దాని కొన తుడిచి చూశావా అని అడుగుతాను. చూసి ఉండరు.

జంగు ఉండదని కాదు. మిర్యాలగూడ ఆయకట్టులో తిరిగే బండ్లకు దమ్ము చేసిన మళ్ళ బురద హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం) మీదే ఎండిపోతుంది. వాడపల్లి వైపు అయితే సిమెంటు దుమ్ము కూడా తోడై, వాన పడ్డాక రాయిలా గడ్డకడుతుంది. కానీ ఒక పక్కంతా వచ్చి రెండో పక్కంతా రాలేదంటే అది జంగు పని కాదు. జంగుకు కుడి ఎడమల పట్టింపు లేదు.

ఈ జీపుల్లో ఎడమవైపు టైర్ల స్టడ్లకు ఉల్టా త్రెడ్డు ఉంటుంది, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే నట్టు ఊడుతుంది. బండి ముందుకు పోతున్నప్పుడు ఎడమ చక్రాన్ని బయట నిలబడి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. మామూలు నట్టు ఊడేది కూడా అటే. పరుగులో నట్లు వదులవుతాయేమోనని ఎడమవైపు త్రెడ్డు తిప్పేశారు. కుడివైపు మామూలే. లారీల్లోనూ పాతవాటికి ఇదే పద్ధతి ఉండేది కాబట్టి ముసలి డ్రైవర్లకు చెప్పక్కర్లేదు. కార్ల మీద పని నేర్చుకున్నవాళ్ళే దొరికిపోతారు.

నేనూ దొరికాను. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఎడమ వెనక టైరు మీద పైపు వేసి లాగాను. నట్టు కదిలింది. సంతోషపడ్డాను. కాస్త తిరిగింది, కీచుమని చప్పుడు లేదు, ఏదో రబ్బరును సాగదీస్తున్నట్టు చేతికి మెత్తగా తగిలింది. టక్కున విరిగింది. జంగు మీదికి నెట్టి రెండోదీ అలాగే విరిచాను. మూడోదానికి పైపు తొడుగుతుంటే, చాయ్ తాగుతున్న ముసలి డ్రైవరు లేచొచ్చాడు. "ఏం జేస్తున్నవ్ బిడ్డా? అది ఉల్టా త్రెడ్డు. నువ్వు ఇప్పుతలేవు, బిగిస్తున్నవ్." మిగిలిన మూడూ ఎదురు వైపు తిప్పితే పైపు లేకుండానే వచ్చాయి. ఉల్టా స్టడ్లు దగ్గర్లో దొరక్క సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా పోయి తెచ్చాను. ఆ ఖర్చు నా జీతంలోంచే పోయింది.

ఆ మెత్తదనం గుర్తుపెట్టుకోండి. జంగు పట్టిన నట్టు టక్కుమని వదులుతుంది, కీచుమంటూ తిరుగుతుంది. స్టడ్డు సాగుతుంటే చప్పుడుండదు, చేతికి బరువు పెరగదు. అలా అనిపించిన క్షణమే ఆపాలి.

చూసే పద్ధతి చెప్తాను. వైరు బ్రష్‌తో స్టడ్డు కొన రుద్దండి. చాలావాటి మీద 'ఎల్' అక్షరం కొట్టి ఉంటుంది. కనబడకపోతే నట్టు బయటికి ఉన్న చుట్లు చూడండి. స్టడ్డును నిలువుగా ఊహించుకుంటే చుట్టు కుడివైపుకు పైకెక్కితే మామూలు, ఎడమవైపుకు ఎక్కితే ఉల్టా. 'ఎడమ టైరు కాబట్టి ఉల్టానే' అని కూడా నమ్మొద్దు. ఈ బండ్లు ఎన్నో చేతులు మారాయి. బ్రేకు డ్రమ్ము మార్చినప్పుడు మామూలు స్టడ్లు వేసినవీ, ఒకే హబ్బులో మూడు ఉల్టా రెండు మామూలుగా ఉన్నవీ చూశాను. అయిదూ విడివిడిగా చూడాల్సిందే.

త్రెడ్డు సరిగ్గా చూసుకుని, సరైన వైపే తిప్పినా రాకపోతే అప్పుడది జంగు. బురద గీకి, పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున మళ్ళీ కొట్టండి. టైరు నేల మీదే ఉండాలి, జాకీ తర్వాత. ఆరు మూలల సాకెట్టే వాడండి. పన్నెండు మూలలది నట్టు అంచులు తినేస్తుంది. ఈ నట్లకు ముప్పావు ఇంచు సాకెట్టు పడుతుంది, 19 నంబరుదీ సరిపోతుంది. ముందు కొంచెం బిగించే వైపు నొక్కి, తర్వాత ఊడే వైపు తిప్పండి. కదిలాక పావు చుట్టు ముందుకు, కొంచెం వెనక్కు, మళ్ళీ ఆయిల్.

మంట చివరి మాట. తప్పదంటే ముందు టైరులో గాలి పూర్తిగా తీసేయండి. గాలి ఉన్న చక్రాన్ని కాల్చితే టైరు పేలి మనిషి పోతాడు.

కమాన్ కట్టలను (పట్టీల స్ప్రింగులను) ఇరుసుకు పట్టి ఉంచే యూ క్లాంపుల నట్లతో కుస్తీ వద్దు. కోసేసి కొత్త క్లాంపులు వేయండి, అంతే. ముందు చక్రం హబ్బు లోపలి నట్టు రాకపోతే, అది తిరగకుండా మడిచి పెట్టిన వాషరు విప్పారో లేదో చూడండి. వెనక ఇరుసు నట్టుకైతే స్ప్లిట్ పిన్ను (నట్టు తిరగకుండా అడ్డంగా దూర్చే పిన్ను) ముక్క లోపలే విరిగి ఉండొచ్చు, దాన్ని తీయకుండా ఎంత లాగినా రాదు. నట్టు వచ్చాక కూడా డ్రమ్ము రాకపోతే బ్రేకు షూలు వదులు చేసి పుల్లర్ పెట్టండి. సుత్తెతో అంచు మీద కొడితే డ్రమ్ము పగులుతుంది.

నట్టు అడ్డంగా ఎక్కడం, ఎవరో వెల్డింగ్ చుక్క పెట్టడం లాంటివి ఎప్పుడో ఒకసారి తగులుతాయి. ఉలితో చీల్చేసి కొత్తది వేయడమే.