కొట్టేసిన చెట్టు దుంగలు, పేళ్లు ఏం చేయాలి?

పెరట్లో వేపో మామిడో కొట్టించాక ముందు దుంగల సంగతి చూడండి, ఆలస్యమైతే పాడయ్యేవి అవే. లావు మొదలును ముక్కలు చేయించొద్దు. పొట్టి ముక్కలకు కలప ధర రాదు, కట్టెల ధరే వస్తుంది. కోసిన రోజే రెండు చివర్లకూ పాత పెయింటు దట్టంగా పూయండి. తేమ ఆ చివర్ల నుంచే త్వరగా పోతుంది, అక్కడ మొదలైన పగుళ్లు నక్షత్రంలా విచ్చుకుని లోపలికి పాకుతాయి. నేలకు ఆనితే చెదలు పడతాయి కాబట్టి ఇటుకల మీద పేర్చండి. మామిడికి నీలి మచ్చలు తొందరగా వస్తాయి, వెంటనే కోతమిల్లుకు పంపాలి. టేకైతే అటవీ శాఖ పర్మిట్ లేకుండా బండెక్కించకండి.

పేళ్లను దయచేసి తగలబెట్టకండి, అది నేలకు తిండి. మొక్కల చుట్టూ 3 అంగుళాల మందాన పరిచి, కాండం దగ్గర జానెడు వదలండి. ఆనితే బెరడు కుళ్లుతుంది. చాలామంది పచ్చి పేళ్లను మట్టిలో కలిపేస్తారు. అవి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్కల ఆకులు పసుపెక్కుతాయి. కలపాలనుకుంటే 3 తట్టల పేళ్లకు 1 తట్ట పచ్చి పేడ వేసి కుప్ప పోయండి. నెలకోసారి తిరగేస్తూ కనీసం 6 నెలలు ఆగాలి. తడి సరిపోయిందో లేదో పిడికిట్లో పిండి చూడండి: చేయి చెమ్మగిల్లాలి, నీళ్లు కారకూడదు.