చేప మేత వదిలేస్తోందా, పెరగడం లేదా? నీటి కంటే ముందు వేరుశనగ చెక్కను అనుమానించండి

సమస్య

చెరువులో వేలాడదీసిన మేత సంచులు సగం నిండుగానే పైకి వస్తున్నాయి. రోహు, బొచ్చె బరువు పెరగడం లేదు, మొప్పలు పాలిపోయాయి, అప్పుడప్పుడు ఒకటీ రెండూ తేలుతున్నాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగానే ఉంది. పుండ్లు లేవు, పేను లేదు.

ఇలాంటప్పుడు శ్రీకాళహస్తి, నాయుడుపేట చుట్టుపక్కల రైతులు సున్నం చల్లుతారు, లివర్ టానిక్ కొంటారు. చేపను కోసి మాత్రం చూడరు. దయచేసి ముందు కోయండి. నీరసంగా ఈదుతున్నదాన్ని పట్టండి, కుళ్లినదాన్ని చూసి లాభం లేదు. రోహుకు జీర్ణాశయం ఉండదు, పొడవాటి పేగు ఒక్కటే. కాలేయం ఆ పేగు మెలికల మధ్య పరుచుకుని ఉంటుంది. అది ముదురు ఎర్రగా, గోధుమ రంగు కలిసి ఉండాలి. పసుపు తిరిగి, మచ్చలు పడి, వేలితో నొక్కితే చితికిపోతుంటే అనుమానం మేత మీదికే పోవాలి.

కారణం

మన దగ్గర మాంసకృత్తుల కోసం మేతలో కలిపేది వేరుశనగ చెక్క, అంటే గింజ నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అందులో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు ఈ విషం బయటపడింది వేరుశనగ చెక్కలోనే.

చెక్క విరిచి, వాసన చూసి, బూజు లేదని కలిపేస్తారు. అక్కడే మోసపోతారు. కాయ భూమిలో ఉండగా చివర్లో బెట్ట తగిలితే బూజు అప్పుడే గింజలోకి చేరుతుంది. పీకి కుప్పవేశాక ఈశాన్య రుతుపవనాల వానకు తడిసినా అంతే. ఏరి పక్కన పెట్టిన పుచ్చు గింజలు, ముడుత గింజలు నూనె మిల్లుకు పోతాయి. ఆడించాక విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది. కంటికి చెక్క శుభ్రంగా ఉంటుంది. ఎండబెట్టినా, ఉడికించినా ఆ విషం పోదు.

ముక్క వాసన వచ్చే తవుడు కూడా కాలేయాన్ని పాడుచేస్తుంది, కాని దాన్ని ముక్కే పట్టేస్తుంది. పత్తి చెక్కలోని గాసిపాల్ అనే విషం గురించి, అది వాడనివారు ఆలోచించనక్కరలేదు.

పరిష్కారం

ఆ మేత ఈ రోజే ఆపండి. మంచి చెక్కలో కొంచెం కొంచెంగా కలిపి ఖర్చు చేద్దామనుకోవద్దు. ఒకటి రెండు రోజులు మేత మానేసి, సోయా చెక్క, నూనె తీసిన తాజా తవుడుతో సగం మోతాదు నుంచి మొదలుపెట్టండి. సోయా బాగా వేడి తగిలినదై ఉండాలి. పచ్చిదైతే మాంసకృత్తులను అరగనివ్వదు. కోలుకోవడానికి వారాలు పడుతుంది, కాలేయం బాగా చెడిన చేప పూర్తిగా కోలుకోదు.

మళ్లీ వేరుశనగ చెక్క కొనేముందు ఎలాంటి గింజ ఆడించారో అడగండి, ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. నమూనా ఒక్క బస్తా నుంచి తీస్తే చాలదు. విషం ఒకచోట దట్టంగా, పక్కనే అసలు లేకుండా ఉంటుంది. వేర్వేరు బస్తాల్లో పైనా, మధ్యా, అడుగునా పిడికెడు చొప్పున తీసి కలపండి. బస్తాలు నేలకూ గోడకూ తగలకూడదు. వానాకాలంలో పదిహేను రోజులకు సరిపడా కొంటే చాలు. టాక్సిన్ బైండర్ (విషాన్ని పట్టి ఉంచేందుకు మేతలో కలిపేది) మంచి చెక్కకు అదనపు రక్షణ మాత్రమే, చెడ్డ చెక్కకు మందు కాదు.

పక్కన పెట్టిన చెక్కను ఆవులకు వేయకండి. ఆ విషం రూపం మార్చుకుని పాలలోకి దిగుతుంది. గట్టుకు దూరంగా గొయ్యి తీసి పాతిపెట్టండి.