స్కైడైవింగ్ నేర్చుకుందాం, 4వ పాఠం: ఎక్కేముందు చేత్తో తడిమి చూడటం

పోయిన పాఠంలో ఒంటిని విల్లులా వంచి గాల్లో కుదురుగా ఎలా పడాలో చూశాం, మంచం మీద బోర్లా పడుకుని రోజుకో పది నిమిషాలు ప్రాక్టీస్ చేసుంటారనే అనుకుంటున్నా. ఈసారి ఇంకా విమానం ఎక్కం, ఎక్కేముందు చెయ్యాల్సిన పని గురించే పాఠం మొత్తం. గేర్ చెక్. చాలామందికి ఇది బోర్ టాపిక్ అనిపిస్తుంది కానీ నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, ఎందుకో చెప్తా.

మా అమ్మ రోజూ రాత్రి పడుకునేముందు వంటింట్లోకెళ్ళి గ్యాస్ రెగ్యులేటర్ నాబ్ చేత్తో పట్టుకుని చూస్తుంది. నాన్న "నేను కట్టేశాలేవే" అన్నా సరే వెళ్తుంది. ఒక్కోసారి లైట్ కూడా వెయ్యదు, చీకట్లోనే చెయ్యి పెట్టి నాబ్ ఎటు తిరిగుందో వేళ్ళతో చూసుకుని వచ్చేస్తుంది. కొత్త సిలిండర్ పెట్టిన రోజైతే సబ్బు నురుగు రాసి బుడగలొస్తాయేమో అని వంగి చూస్తుంది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచి ఒక్కసారి కూడా బుడగ రాలేదు, అయినా ఆ అలవాటు మానలేదు. అదే ఇంట్లో నాన్న కూరగాయలకి వెళ్ళేటప్పుడు హెల్మెట్ స్కూటర్ హుక్కుకి తగిలించుకుని వెళ్తారు, పెట్టుకోండి అంటే "ఇక్కడికేగా, ఏం కాదులే" అంటారు. ఆయనకి ధైర్యం ఎక్కువనో, అమ్మకి భయం ఎక్కువనో కాదు. వెయ్యిసార్లు ఏం కాకపోతే మన మనసు దాన్నే రుజువు కింద లెక్కేసుకుంటుంది, అమ్మ మాత్రం నిన్న ఏం కాలేదన్న దాన్ని ఈ రాత్రి లెక్కలో కలపదు. నేను టెక్సస్‌లో ఏఎఫ్ఎఫ్ (ఇన్‌స్ట్రక్టర్లు పక్కనే దూకుతూ నేర్పే కోర్సు) చేసి 'ఏ' లైసెన్స్ (సొంతంగా దూకడానికి ఇచ్చే మొదటి లైసెన్స్) తెచ్చుకున్నాక నాకు అర్థమైంది ఏంటంటే గేర్ చెక్ అంటే అమ్మ గ్యాస్ చెక్కే, కళ్ళతో కాదు చేత్తో, ప్రతిసారీ మొదటిసారిలాగా.

ముందు కొన్ని లెక్కలు చూద్దాం, ఎందుకంటే ఈ ఆట గురించి మనవాళ్ళలో రెండే అభిప్రాయాలున్నాయి, ఒకటి చావుతో చెలగాటం అని, రెండోది కారు నడపడం కంటే సేఫ్ అని. రెండూ సరిగ్గా చూసి చెప్పేవి కావు. అమెరికాలో యూఎస్‌పీఏ అనే సంఘం ఏటా లెక్కలు పెడుతుంది, 2023లో సుమారు 36.5 లక్షల జంప్‌లకి 10 మంది చనిపోయారు. 1970ల్లో ఏడాదికి సగటున 40 మంది పైనే పోయేవాళ్ళు. అంటే గేర్ నిజంగానే చాలా బాగుపడింది. కానీ ఇది ఒక్కో జంప్‌కి లెక్క, మనిషికి కాదు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది వీకెండ్‌లో ఒక టాండెమ్ (ఇన్‌స్ట్రక్టర్‌కి కట్టుకుని దూకే జంప్) చేసి ఫొటో పెట్టుకుని వచ్చేస్తారు, వాళ్ళ రిస్కూ, ఏడాదికి 200 సార్లు సొంతంగా దూకేవాడి రిస్కూ ఒకటి కాదు కదా.

ఇంకో విషయం, ఇది నన్ను బాగా ఆలోచింపజేసింది. బిల్ బూత్ అని ఒకాయన ఉన్నాడు, ఇప్పుడు మనం వాడే మూడు రింగుల రిలీజ్ (సరిగ్గా తెరుచుకోని పారాచూట్‌ని వదిలించుకునే అమరిక) 1970ల్లో ఆయన కనిపెట్టిందే, టాండెమ్ రావడంలో కూడా ఆయన చెయ్యి పెద్దది. ఇన్ని ప్రాణాలు కాపాడే వస్తువులు తయారుచేసిన మనిషే ఏమంటాడంటే గేర్ ఎంత సేఫ్ అయితే దూకేవాళ్ళు అంత ఎక్కువ రిస్క్ తీసుకుంటారు, లెక్క మళ్ళీ అక్కడికే వస్తుంది అని. అది చూస్తూనే ఉన్నాం కూడా, ఈ రోజుల్లో ప్రాణాలు పోతున్నవాటిలో చాలా కేసుల్లో పారాచూట్ పూర్తిగా, శుభ్రంగా తెరుచుకునే ఉంటుంది, నేలకి దగ్గర్లో చిన్న ఫాస్ట్ పారాచూట్‌తో గట్టిగా మలుపు తిప్పబోయి అది తేరుకునేలోపే నేల వచ్చేస్తుంది. గేర్ మనకి ఇచ్చిన వెసులుబాటుని మనమే ఖర్చుపెట్టేస్తున్నామన్నమాట.

సరే, ఇప్పుడు రిగ్, అంటే వీపుకి తగిలించుకునే పారాచూట్ సెట్టు, ముందు పెట్టుకుందాం. వీపు సంచిలాంటి కంటైనర్‌లో రెండు పారాచూట్లుంటాయి, కింద మెయిన్, పైన రిజర్వ్. మెయిన్‌ని మనమే మడుస్తాం, లేదా ప్యాకర్‌కి డబ్బులిచ్చి మడిపిస్తాం. రిజర్వ్‌ని మాత్రం లైసెన్స్ ఉన్న రిగ్గరే (పారాచూట్లు మడవడంలో శిక్షణ పొందినవాడు) మడవాలి, మడిచి, సంచిని మూసి ఉంచే పిన్ను దగ్గర ఎర్రదారం చుట్టి సీల్ వేస్తాడు, కార్డు మీద తేదీ వేసి సంతకం పెడతాడు. అమెరికాలో ఆ తేదీ నుంచి 180 రోజులే చెల్లుతుంది, వాడినా వాడకపోయినా మళ్ళీ విప్పి చూసి మడవాలి (2008 దాకా 120 రోజులే ఉండేది). అద్దె రిగ్ తీసుకుంటే మీ మొదటి పని ఆ కార్డు అడిగి చూడటం. మొహమాటం వద్దు, కొత్తవాళ్ళు అడిగితే మంచి డ్రాప్‌జోన్‌లో (స్కైడైవింగ్ నడిపే చోట) ఎవరూ ఏమీ అనుకోరు, అనుకునే చోట దూకకండి.

చెక్ మూడుసార్లు చెయ్యాలి. రిగ్ వేసుకోకముందు ఒకసారి, వేసుకుని విమానం ఎక్కేముందు ఒకసారి, పైన తలుపు తెరిచేలోపు ఒకసారి. వేసుకోకముందు చేసేదే అసలు చెక్, వీపు మీదకెళ్ళాక మీకు సగం కనపడదు కాబట్టి.

రిగ్‌ని వెనకవైపు పై నుంచి కిందకి చూసుకుంటూ రండి. ఏఏడీ ఆన్‌లో ఉందా. (ఏఏడీ అంటే మనం ఏమీ లాగకపోతే తనంతట తానే రిజర్వ్ తెరిపించే చిన్న కంప్యూటర్, దాని గురించి కింద విడిగా చెప్తా.) తర్వాత రిజర్వ్ ఫ్లాప్ తీసి పిన్ను వంగకుండా లూప్‌లో సరిగ్గా కూర్చుందా, ఎర్రదారం సీల్ తెగకుండా ఉందా, లూప్ తాడు పీచులు లేస్తోందా చూడండి. తర్వాత మెయిన్ ఫ్లాప్ తియ్యండి, అక్కడ పిన్ను పూర్తిగా లోపలికుందా, లూప్ బిగువుగా ఉందా. ఈ లూప్ వదులుగా ఉంటే దేనికైనా రాసుకున్నప్పుడు పిన్ను జారి కంటైనర్ మనం అనుకోని టైంలో తెరుచుకోవచ్చు, అది విమానం తలుపు దగ్గరైతే పారాచూట్ తోకకి చుట్టుకునే ప్రమాదం, మీ ఒక్కరికే కాదు విమానంలో ఉన్నవాళ్ళందరికీ.

అదే ఫ్లాప్ కింద, పిన్ను పక్కనే పట్టీలో ఒక చిన్న కిటికీ ఉంటుంది, అందులో రంగు తాడు కనపడాలి. అది కనపడితే పైలట్ చూట్ సిద్ధంగా ఉన్నట్టు. పైలట్ చూట్ అంటే మనం చేత్తో తీసి గాల్లోకి విసిరే చిన్న గొడుగు, అది గాలి పట్టుకుని మెయిన్‌ని బయటికి లాగుతుంది. మెయిన్ తెరుచుకున్నాక అది వెనకాల ఈడ్చుకుంటూ ఉండకుండా దానంతట అదే ముడుచుకుపోయేలా చేస్తారు, అందుకే మళ్ళీ మడిచేటప్పుడు లోపలి తాడు లాగి దాన్ని తిరిగి సిద్ధం చెయ్యాలి. మర్చిపోతే అది గాలి పట్టుకోదు, ఖాళీ సాక్సులాగా వెనకాల కొట్టుకుంటూ ఉంటుంది, మెయిన్ రాకపోవచ్చు.

ఇది నాకు జరిగింది. 31వ జంప్, ఎండ మండిపోతోంది, ఇంకో పది నిమిషాల్లో లోడ్ (విమానం ట్రిప్పు) అని మైకులో పిలిచారు, నేను గబగబా మడిచేసి వేసుకుని లైన్లో నిలబడ్డా. ముందు చూసుకున్నానా అంటే చూసుకున్నా, రింగులు చూశా, పట్టీలు చూశా, ఈ కిటికీ మాత్రం చూసినట్టు అనిపించింది అంతే. నా వెనక ఒక పెద్దాయన, ఎన్నో ఏళ్ళుగా దూకుతున్నవాడు, పిన్ను చూడమంటావా అని అడిగి ఫ్లాప్ తీసి రెండు సెకన్లు ఆగి, రంగు లేదు అని మాత్రం అన్నాడు, గొంతు కూడా పెంచలేదు. కాళ్ళల్లో బలం పోయింది నాకు. లైన్లోంచి బయటికొచ్చి రిగ్ విప్పి మళ్ళీ మొదట్నుంచి మడిచా, ఆ లోడ్ పోయింది, తర్వాతదానికి వెళ్ళా. ఆ రోజు నుంచి ఆ తాడుని చూడటమే కాదు, వేలు పెట్టి ముట్టుకుని "రంగు ఉంది" అని పైకి అంటా. నోటితో అనడం చిన్నపిల్లల పనిలా ఉంటుందేమో కానీ చూసినట్టు అనిపించడానికీ చూడటానికీ మధ్య తేడా పట్టిచ్చేది అదే.

ఇప్పుడు రిగ్ తిప్పి ముందువైపు. ఇక్కడ మూడు మూడుగా గుర్తుపెట్టుకోండి: రింగులు మూడు, పట్టీలు మూడు, హ్యాండిల్స్ మూడు. రింగులు రెండు భుజాల దగ్గరా ఉంటాయి. పెద్ద రింగు హార్నెస్‌కి (ఒంటికి కట్టుకునే పట్టీల అమరిక), దానిలోంచి మధ్య రింగు, మధ్యదాంట్లోంచి చిన్న రింగు, ఆ చిన్న రింగు మీదుగా మాత్రమే తెల్ల లూప్, లూప్‌లోంచి పసుపుపచ్చ కేబుల్. ఒక్కో రింగూ తన పక్కదాంట్లోంచి మాత్రమే వెళ్ళాలి, లూప్ రెండు రింగుల్ని కలిపి పట్టుకుంటే తప్పు. ఈ అమరికలో గొప్పతనం ఏంటంటే ఒక్కో రింగు దగ్గర బరువు తగ్గుతూ వచ్చి మనిషి బరువంతా మోస్తున్న పారాచూట్‌ని చివర్లో ఆ సన్నటి లూప్ ఆపుతుంది, కేబుల్ లాగితే చేతి బలంతోనే అంతా విడిపోతుంది. కానీ దుమ్ము పట్టినా, రింగులున్న పట్టీ అలాగే బిగుసుకుపోయినా సాఫీగా విడిపోదు, అందుకే నెలకోసారి విడదీసి పట్టీని చేత్తో అటూ ఇటూ వంచి, కేబుల్ తుడిచి మళ్ళీ అమర్చాలి. మొదటిసారి రిగ్గర్ పక్కన కూర్చుని నేర్చుకోండి.

పట్టీలు అంటే ఛాతీకి ఒకటి, తొడలకి రెండు. ఛాతీ పట్టీ దగ్గర ఆగండి. కొన్ని రిగ్గుల్లో అది బకిల్‌లోంచి వెళ్ళి కడ్డీ మీదుగా తిరిగి వెనక్కి రావాలి, అలా రాకపోయినా చూడ్డానికి బానే ఉంటుంది, నిలబడితే బానే ఉంటుంది, బరువు పడ్డప్పుడు మాత్రం జారిపోతుంది. లాగి చూస్తే తెలిసిపోతుంది. హ్యాండిల్స్ మూడు, కుడివైపు ఛాతీ దగ్గర కట్‌అవే (సరిగ్గా తెరుచుకోని మెయిన్‌ని వదిలేసేది), సాధారణంగా ఎర్రగా మెత్తగా ఉంటుంది, ఎడమవైపు రిజర్వ్, వీపు కింద కుడివైపు పైలట్ చూట్ హ్యాండిల్. మూడూ వరసగా ముట్టుకోండి. ఆల్టిమీటర్ (ఎత్తు చూపేది) సున్నా మీదుందా, హెల్మెట్, గాగుల్స్, అంతే.

ఏఏడీ సంగతి. జర్మనీలో ఎయిర్‌టెక్ వాళ్ళు 1991లో సైప్రెస్ అనే ఏఏడీ తెచ్చాక చాలామంది బతికి బయటపడ్డారు, అది లేకుండా నేను దూకను, మీరూ దూకొద్దు. కానీ అదేం చేస్తుందో సరిగ్గా తెలుసుకోండి. ఎక్స్‌పర్ట్ మోడల్ అయితే సుమారు 750 అడుగుల దగ్గర మీరింకా సెకనుకి 35 మీటర్ల కంటే వేగంగా పడుతుంటేనే రిజర్వ్ లూప్ కోస్తుంది. పొట్ట మీద పడుతుంటే మన వేగం సెకనుకి సుమారు 54 మీటర్లు, అంటే ఆ ఎత్తు నుంచి నేల నాలుగు సెకన్ల దూరం. సగం తెరుచుకున్న మెయిన్‌తో గిర్రున తిరుగుతూ అంతకంటే నెమ్మదిగా దిగుతుంటే అది అసలు పనిచెయ్యకపోవచ్చు, మీరు మామూలుగానే దిగుతున్నారనుకుంటుంది. ఇంకోటి, ఆన్ చేసిన చోటి నేలనే అది సున్నా అనుకుంటుంది, అందుకే ఇంటి దగ్గర ఆన్ చేసి కార్లో తీసుకురాకండి, డ్రాప్‌జోన్‌కి వచ్చాకే ఆన్ చెయ్యండి.

అందుకే నిర్ణయం మన చేతుల్లోనే ఉండాలి. స్టూడెంట్లకీ 'ఏ' లైసెన్స్ వాళ్ళకీ ఆ నిర్ణయం తీసుకోవాల్సిన ఎత్తు 2,500 అడుగులు. ఆ ఎత్తుకల్లా తలపైన ఉన్న పారాచూట్ చతురస్రంగా నిండి, మనం తిప్పితే తిరిగి, బ్రేక్ లాగితే నెమ్మదించేలా లేకపోతే ఇంక సరిచేసే ప్రయత్నం ఆపేసి కట్‌అవే, రిజర్వ్. ఫ్రీఫాల్‌లో (పారాచూట్ తెరుచుకోకుండా పడుతూ) ఉంటే ఆ ఎత్తు నుంచి నేలకి 14 సెకన్లే. ఇంకొక్క ప్రయత్నం చేద్దాం, సరైపోతుందిలే అనిపిస్తుంది చూడండి, స్కూటర్ మీద ఏం కాదులే అనే గొంతు అదే, అక్కడ దానికి టైం లేదు.

ఈ వారం ఇంటి పని ఇది. అద్దం ముందు నిలబడి చొక్కాకి కుడివైపు ఒక ఎర్ర గుడ్డముక్క, ఎడమవైపు ఒక తెల్లది పిన్నుతో తగిలించుకోండి. ఒంటిని విల్లులా వంచి, ఎర్రదాన్ని చూసి పట్టుకోండి, తెల్లదాన్ని చూడండి, ఎర్రది చెయ్యి పూర్తిగా చాచేదాకా లాగండి, తెల్లది లాగండి. చూడకుండా పట్టుకోవద్దు. రోజుకి ఇరవైసార్లు. (మీ ఇన్‌స్ట్రక్టర్ రెండు చేతులతో ఒక హ్యాండిల్ పట్టుకోమంటారా, ఒక్కో చేత్తో ఒక్కోటి అంటారా అన్నది డ్రాప్‌జోన్‌ని బట్టి మారుతుంది, అసలేమీ తెరుచుకోనప్పుడు నేరుగా రిజర్వ్‌కే వెళ్ళాలా అన్నదీ అంతే, గ్రౌండ్ స్కూల్‌లో అడిగి వాళ్ళు చెప్పిందే పాటించండి, నేను చెప్పింది కాదు.) దాంతోపాటు ఈ వారమంతా రాత్రిపూట గ్యాస్ నాబ్ మీరే వెళ్ళి చేత్తో ముట్టుకుని, కట్టేసి ఉంది అని పైకి అని రండి.

వచ్చే పాఠంలో పారాచూట్ తెరుచుకున్నాక గాలి ఎటుందో చూసుకుని ల్యాండింగ్‌కి ఎలా రావాలో, 1,000 అడుగుల నుంచి మలుపులు ఎక్కడ తిప్పాలో, ఎక్కడ తిప్పకూడదో బొమ్మ గీసుకుంటూ చూద్దాం. పేపరు, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.